గట్టు మీద జనరేటరు, ల్యాప్‌టాప్‌లో హైపర్‌వైజరు

మీ దగ్గర కంపెనీ ఇచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంటే ఒక చిన్న పని చెయ్యండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్‌ఇన్ఫో అని కొట్టండి (ఇంగ్లీషులోనే లెండి). బోలెడంత సరంజామా దొర్లుకుంటూ వచ్చాక చివర్లో హైపర్-వి గురించి ఒక వరస కనిపిస్తుంది. చాలామందికి అక్కడ "ఇక్కడ ఇప్పటికే ఒక హైపర్‌వైజర్ నడుస్తోంది, ఇంక మిగతావి చూపించను" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. మీరు దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యలేదు. మీ ఐటీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఉందని చెప్పనూ లేదు. కానీ ఉంది.

అంటే మీ విండోస్ కింద ఇంకో పొర ఉంది, అది వర్చువల్ మెషీన్లని నడపగలదు. మరి అదే ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వగానే మనం చేసే మొదటి పని ఏంటి? వర్జీనియాలోనో టెక్సస్‌లోనో ఉన్న వర్చువల్ డెస్క్‌టాప్‌కి కనెక్ట్ అవ్వడం! 16 జీబీ ర్యామ్, ఎనిమిది కోర్లు, ఎస్సెస్‌డీ... ఇన్ని చేతిలో పెట్టుకుని దాన్ని టీవీలాగా వాడుకుంటున్నాం. ఇంట్లో పొయ్యి, బియ్యం అన్నీ ఉండగా పక్కూరి హోటల్ నుంచి ముద్ద ముద్దకీ పార్సెల్ తెప్పించుకున్నట్టు.

నాకు దీనిమీద కొంచెం కోపం ఉంది. ఎందుకో చెప్తా.

ముందు ఈ బాపతు పనిలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు (ఉన్నవాళ్ళు ఈ పేరా దూకెయ్యొచ్చు). వర్చువల్ డెస్క్‌టాప్ అంటే ఒక పూర్తి విండోస్, అందులోని సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు అన్నీ కలిపి కట్టిన మూట. ఆ మూటని ఎక్కడ విప్పుతామన్నదే అసలు ప్రశ్న. డేటా సెంటర్‌లో విప్పితే వీడీఐ అంటాం. లెక్కలన్నీ అక్కడ జరుగుతాయి, మన దగ్గరికి వచ్చేది తెర మీది బొమ్మ, మన దగ్గర్నుంచి పోయేవి కీబోర్డు నొక్కులు, మౌసు కదలికలు. అదే మూటని మన ల్యాప్‌టాప్‌లోనే విప్పి నడిపిస్తే, అలా నడిపించే పొర పేరు క్లయింట్ హైపర్‌వైజర్. (ఇక్కడ క్లయింట్ అంటే మనకి డబ్బులిచ్చే క్లయింటు కాదు, సర్వర్ కాని మెషీన్ అని.) అందులో మళ్ళీ రెండు రకాలు. ఉత్త హార్డ్‌వేర్ మీద నేరుగా కూర్చుంటే టైప్ 1. విండోసో మాకో కింద ఉండగా దాని మీద ఒక మామూలు ప్రోగ్రాములా నడిస్తే టైప్ 2. మనలో చాలామంది కాలేజీలో లినక్స్ నేర్చుకోడానికి వేసుకున్న వర్చువల్‌బాక్స్ టైప్ 2 అన్నమాట.

సరే, నా కథ. మాది మైపాడు పక్కన. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రం దాకా వచ్చే రోడ్డు ఉందే, ఆ రోడ్డు చివర. వరి పండే చోట వరి, పండని చోట రొయ్య. గోదావరి వాళ్ళు రొయ్యల చెరువు అంటారు, మేం గుంట అంటాం. నాయనకి మూడు గుంటలున్నాయి. నేను 2019లో ఇంజనీరింగ్ అయిపోయి చెన్నై ఆఫీసులో చేరా. 2020 జనవరిలో నాయనకి బైపాస్ అయింది, మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, కంపెనీ ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని ఇంటికొచ్చా. లోకమంతా కరోనాని తిట్టుకుంటుంటే మా అమ్మ మాత్రం పైకి చెప్పకపోయినా లోపల్లోపల సంతోషపడింది. ఎందుకంటే ఆపరేషనైన మనిషి రాత్రుళ్ళు గట్టు మీద పరిగెత్తకూడదు, మరి రొయ్యల సాగు అంటే రాత్రుళ్ళు గట్టు మీద పరిగెత్తడమే.

అదెందుకో రొయ్య ఎరగని వాళ్ళకి చెప్పాలి. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక అది కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చేదే గానీ ఇచ్చేది కాదు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములు తగ్గనివ్వకూడదు. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి. ఆ టైములో కరెంటు పోయి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే రొయ్యలన్నీ పైకి తేలి నీళ్ళ అంచుకి వచ్చేస్తాయి. ఇంకాస్త ఆలస్యమైతే మూడు నెలల పంట, మేత అప్పు, అన్నీ ఒక్క తెల్లవారుజామున పోతాయి. కాపలా మనిషి ఒకడున్నా మూడు గుంటలకి ఒకడు చాలడు.

ఇప్పుడు కాకతాళీయం చూడండి. నా క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఒక బ్యాంకు. వాళ్ళ పొద్దున తొమ్మిది మనకి శీతాకాలంలో రాత్రి ఏడున్నర. నా షిఫ్టు ఏడున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. రొయ్యల కాపలాకి ఇంతకంటే మంచి ఉద్యోగం ఉంటుందా? గట్టు మీద షెడ్డులో బల్ల వేసుకుని, ఫ్యాను పెట్టుకుని, ఒక చెవిలో హెడ్‌ఫోను, ఇంకో చెవి ఏరియేటర్ల చప్పుడు మీద. ఆ చప్పుడు ఆగితే లేచి పరిగెత్తాలి. జావా ప్రోగ్రామింగూ వెనామీ రొయ్యా ఇంత బాగా కలిసిపోతాయని ఎవరనుకున్నారు?

కలిసిపోనిది వీడీఐ ఒక్కటే.

లెక్క వేద్దాం. నెల్లూరు తీరం నుంచి వర్జీనియాకి తిన్నగా గీత గీసినా 13 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికే 130 మిల్లీసెకన్ల పైన, అదీ కేబుల్ తిన్నగా ఉంటే. కేబుళ్ళు తిన్నగా ఉండవు, మధ్యలో రౌటర్లుంటాయి, మా ఊరి టవరు ఉంటుంది. నేను రాసి పెట్టుకున్న పింగ్ లెక్కల్లో మంచి రాత్రి 260, వాన పడితే 600. నేను ఒక అక్షరం కొడితే, ఆ అక్షరం అమెరికా పోయి, అక్కడి విండోస్ దాన్ని గీసి, ఆ బొమ్మ వెనక్కొచ్చాకే నాకు కనిపిస్తుంది. ప్యాకెట్లు పోతే బొమ్మ ముందు మసగ్గా వచ్చి, తర్వాత మెల్లగా తేటపడుతుంది, నాయన కళ్ళజోడు పెట్టుకోక ముందు, పెట్టుకున్న తర్వాత అన్నట్టు. బ్యాక్‌స్పేస్ నొక్కి పట్టుకుంటే ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. నెట్ తెగిందా... మళ్ళీ వీపీఎన్, మళ్ళీ ఓటీపీ, మళ్ళీ క్యూ. కరెంటు పోతే ఇంకో తమాషా. మా గట్టు మీద జనరేటర్ ఉంది కాబట్టి నా ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, కానీ కాసేపటికి టవరు బ్యాటరీ దిగిపోతుంది. ల్యాప్‌టాప్ ఉంది, కరెంటు ఉంది, నేనున్నాను. పని మాత్రం అమెరికాలో ఉంది.

2021 నవంబరు మూడో వారంలో వానలు మీకు గుర్తుండే ఉంటాయి. సోమశిల నుంచి వదిలిన నీళ్ళతో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి కోతకి గురైంది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, చెన్నై-విజయవాడ రైళ్ళు ఆగిపోయాయి. మా ఊళ్ళో మూడు రోజులు నెట్ లేదు. ఆ మూడు రోజులూ నేను చెయ్యాల్సిన పని ఏంటో తెలుసా? ఒక రిపోర్టు ప్రింటింగ్ మాడ్యూల్‌లో పేజీ నంబర్లు తప్పుగా పడుతున్నాయి, అది సరిచెయ్యడం. దానికి ఏ కస్టమర్ డేటా అక్కర్లేదు, ఏ సర్వరూ అక్కర్లేదు. ఆ కోడు ఒక్కటి నా మెషీన్లో ఉంటే ఒక పూటలో అయ్యే పని. మూడు రోజులు వాన చూస్తూ కూర్చున్నా.

నాయన అడిగాడు, "ఏంది అబ్బయా, మిషను నీ కాడే ఉండె, కరెంటు ఉండె, మరి పని యాడుంది?"

"అమెరికాలో ఉంది నాయనా."

"మరి ఈడ ఈ మిషనెందుకంట?"

వివరించబోయా. విని, "జనరేటరు నెల్లూరులో పెట్టుకుని ఈడికి వైరు లాక్కుంటారా ఎవురన్నా" అని లేచి పోయాడు. ఆయన ఏడో తరగతి. నాకు తెలిసిన చాలామంది ఆర్కిటెక్టుల కంటే ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

నాలుగో రోజు నెట్ వచ్చాక మొదట వచ్చిన మెయిల్ ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి నిరంతరాయమైన ఇంటర్నెట్ ఏర్పాటు చేసుకోవడం ఉద్యోగి బాధ్యత అని. మూడు రోజులూ సెలవు కింద పోయాయి. రెండో మెయిల్ ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గర్నుంచి, మర్యాదగానే రాశాడు పాపం: జనవరి లోపు చెన్నైకో బెంగళూరుకో మారితే సరే, లేకపోతే ప్రాజెక్ట్ నుంచి విడుదల చెయ్యాల్సొస్తుంది అని. ప్రాజెక్ట్ నుంచి విడుదల అంటే బెంచి, బెంచి అంటే ఏంటో మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టా, ఈ దిక్కుమాలిన సమస్య నాకొక్కడికేనా వచ్చింది అని. కాదు! నేను ఆరో తరగతో ఏడో తరగతో చదువుతుండగానే దీనికి పరిష్కారం తయారుచేసేశారు. 2009 జనవరిలో సిట్రిక్స్, ఇంటెల్ కలిసి ల్యాప్‌టాప్ మీద నేరుగా కూర్చునే హైపర్‌వైజర్ చేస్తామని ప్రకటించాయి. 2010లో జెన్‌క్లయింట్ అనే పేరుతో వచ్చింది. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో పుట్టిన జెన్ హైపర్‌వైజర్ దానికి పునాది. వీఎమ్‌వేర్ కూడా 2009లో ఇంటెల్‌తో కలిసి అలాంటిదే చేస్తానంది గానీ, చివరికి 2010లో వ్యూ 4.5తో పాటు లోకల్ మోడ్ అని టైప్ 2 పద్ధతిలో ఇచ్చింది. మన డెస్క్‌టాప్‌ని లైబ్రరీ పుస్తకంలా డేటా సెంటర్ నుంచి చెక్-అవుట్ చేసుకుని, వాడుకుని, మళ్ళీ చెక్-ఇన్ చెయ్యడమే. మైక్రోసాఫ్ట్ దగ్గర మెడ్-వి ఉండేది, వర్చువల్ కంప్యూటర్ అనే కంపెనీ దగ్గర ఎన్‌ఎక్స్‌టాప్ ఉండేది (దాన్ని 2012లో సిట్రిక్స్ కొనేసింది), స్టాన్‌ఫర్డ్ వాళ్ళు పెట్టిన మోకాఫైవ్ ఉండేది. ఓ నాలుగేళ్ళు సంత సంతగా ఉండేదన్నమాట ఈ రంగం.

నన్ను ఆశ్చర్యపరిచిందేమిటంటే, మా క్లయింటు సెక్యూరిటీ వాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నకీ వాళ్ళు అప్పుడే జవాబు ఆలోచించి పెట్టారు. ల్యాప్‌టాప్ పోతే? డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఉద్యోగి మానేసి ఇంట్లో కూర్చుంటే? మూటకి గడువు ఉంటుంది, ఇన్ని రోజుల్లోగా సర్వర్‌తో ఒక్కసారి మాట్లాడకపోతే తాళం పడిపోతుంది, మాట్లాడితే సర్వరు దాన్ని చెరిపెయ్యమనొచ్చు కూడా. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే? యూఎస్‌బీని లోపలి డెస్క్‌టాప్‌కి చూపించకుండా ఉంచొచ్చు. బ్యాకప్? నెట్ ఉన్నప్పుడు మారిన ముక్కల వరకే సర్వర్‌కి పంపుతుంది. సొంత పనులు? దానికి ఇంకో మూట, ఒకదాన్నొకటి చూడలేవు. ఆ చివరి సంగతిని పట్టుకునే క్యూబ్స్ ఓఎస్ వాళ్ళు 2012లో మొదటి వెర్షన్ ఇచ్చారు, అది ఇప్పటికీ బతికే ఉంది.

మరి మిగతావి ఎందుకు చచ్చిపోయాయి? కొంత ఇంజనీరింగ్ కారణం. సర్వర్లలో హార్డ్‌వేర్ ఒక ఐదారు రకాలుంటే ల్యాప్‌టాప్‌లలో వేల రకాలు. వైఫై చిప్ ఒకటి, గ్రాఫిక్స్ ఒకటి, మూత మూస్తే నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి, వెలుగు తగ్గించే బటన్ పనిచెయ్యాలి, బ్యాటరీ చెప్పినంతసేపు రావాలి. టైప్ 1 హైపర్‌వైజర్ ఇవన్నీ తనే చూసుకోవాలి. అందుకే మొదటి జెన్‌క్లయింట్ ఇంటెల్ వీప్రో ఉన్న కొన్ని మోడళ్ళ మీదే నడిచేది. ఆరు నెలలకో కొత్త మోడల్ వస్తుంటే ఎవరు ఎన్నింటికని రాస్తారు? దాన్ని నేను ఒప్పుకుంటా.

రెండో కారణం మాత్రం నాకు మింగుడుపడదు. అందరూ ఐప్యాడ్లు పట్టుకుని "ఇంక నెట్ లేని చోటంటూ ఉండదు, లోకల్‌గా నడపాల్సిన అవసరమేముంది" అనేశారు. వీఎమ్‌వేర్ 2013 ప్రాంతంలో లోకల్ మోడ్ తీసేసింది. జెన్‌క్లయింట్‌లో రక్షణ శాఖల కోసం చేసిన రకం 2014లో ఓపెన్‌ఎక్స్‌టీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా మిగిలింది, కంపెనీల కోసం చేసింది కొన్నాళ్ళకి మూతపడింది. నెట్ ఎప్పుడూ ఉంటుందని తీర్మానించినవాళ్ళు కూర్చున్న చోట నెట్ ఎప్పుడూ ఉంటుంది, అంతే. విమానంలో రెండు గంటలు నెట్ లేకపోవడం వాళ్ళ ఊహకి అందిన పెద్ద కష్టం. ఆ తర్వాత ఆరేడేళ్ళకి 2020 వచ్చి, లక్షలమంది ఇంజనీర్లు మైపాడు లాంటి ఊళ్ళలో కూర్చుని పని చెయ్యాల్సొచ్చినప్పుడు, అల్మారా తెరిచి చూస్తే వీడీఐ తప్ప ఇంకేం లేదు.

చావనిది హైపర్‌వైజర్. అది విండోస్ లోపలికే దూరిపోయింది. 2012లో విండోస్ 8తో హైపర్-వి మామూలు ల్యాప్‌టాప్‌లకి వచ్చింది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు పాస్‌వర్డ్‌ల రహస్యాలని విండోస్‌కి కూడా అందకుండా దాచడానికి అదే హైపర్‌వైజర్‌ని వాడారు. 2021లో విండోస్ 11 వచ్చాక కొత్త మెషీన్లలో చాలావరకు అది మొదట్నుంచే ఆన్‌లో ఉంటోంది. మొదట్లో మిమ్మల్ని సిస్టమ్‌ఇన్ఫో కొట్టమన్నది అందుకే. ఉద్యోగి పని చేసుకోడానికి పనికిరాదన్న వస్తువు ఉద్యోగి పాస్‌వర్డ్‌కి కాపలా కాయడానికి పనికొచ్చింది.

సరే, నా మెయిల్‌కి జవాబుగా నేను చేసిందేమిటంటే, ఇదంతా నాలుగు పేజీలు రాసి మా చెన్నై ఆర్కిటెక్ట్ మేడమ్‌కి పంపా. ఆవిడది గూడూరు, తీరం సంగతి ఎరిగిన మనిషి. "కస్టమర్ డేటా జోలికి వెళ్ళకుండా రాసి ఉంటే ముందుకు తీసుకెళ్తాను, తిరగరాయమ్మా" అన్నారు. రాశా. అసలు డేటా తాకే పనులన్నీ వీడీఐలోనే, కోడు రాయడం, కంపైల్, దొంగ డేటాతో టెస్టింగ్ మాత్రం లోకల్ మూటలో. ఎన్‌క్రిప్షన్, వారం గడువు, కాపీ పేస్ట్ బంద్. రెండు నెలలు సెక్యూరిటీ మీటింగులయ్యాక 2022 మార్చిలో ఆరుగురికి ప్రయోగంగా ఇచ్చారు. నా చెన్నై బదిలీ ఆగింది.

మూట సైజు 60 జీబీ. మా ఊరి నెట్‌లో దింపుకోవాలంటే పంట చేతికొస్తుంది :-) కాబట్టి ల్యాప్‌టాప్ పట్టుకుని రైల్లో చెన్నై ఆఫీసుకెళ్ళి ఎక్కించుకుని సాయంత్రం రైలుకి వచ్చేశా. మూడు గంటల ప్రయాణంలో 60 జీబీ అంటే సెకనుకి 44 మెగాబిట్లు. భారతీయ రైల్వే మా ఊరి నెట్ కంటే ఎన్నో రెట్లు మేలు.

అంతా బ్రహ్మాండం అని అబద్ధం చెప్పను. 16 జీబీలో సగం మూటకి పోయేది, మిగతా సగంతో బయటి విండోసూ మీటింగు సాఫ్ట్‌వేరూ కొట్టుకునేవి. ఎండాకాలం షెడ్డులో ల్యాప్‌టాప్ ఫ్యాను మోత ఏరియేటర్‌తో పోటీ. విండోస్ అడుగున హైపర్‌వైజర్ ముందే కూర్చుని ఉంటే దానిమీద ఇంకో కంపెనీ హైపర్‌వైజర్ పొసగదు. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ 2020 మేలో 15.5.5 వెర్షన్‌తో గానీ దానితో సర్దుకుపోవడం నేర్చుకోలేదు, సర్దుకున్నాక కూడా కొంచెం నెమ్మదించింది. నెలనెలా ప్యాచ్‌లు వేసిన కొత్త మూట కోసం మళ్ళీ రైలు. వారం గడువు దాటి తాళం పడితే హెల్ప్‌డెస్క్ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి.

కానీ అక్షరం కొడితే అక్షరం పడేది! ఎన్నాళ్ళకి! నెట్ లేకపోతే కోడు రాసుకుని లోకల్‌గా కమిట్ చేసి, టవరు లేచాక పుష్ కొట్టేవాణ్ణి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా తీరం పక్కనుంచే పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజులు నెట్ లేదు. మూడో రోజు పొద్దున నెట్ రాగానే నా వైపు నుంచి పదకొండు కమిట్లు వెళ్ళాయి. ఆ రెండు రాత్రులూ జనరేటర్ నేనే చూసుకున్నా, గుంటల్లో ఒక్క రొయ్య పోలేదు. సెలవు కూడా పోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వీడీఐ వల్ల లాభం లేదని కాదు. బ్యాంకు ఖాతాదారుడి వివరాలు మైపాడు గట్టు మీదున్న ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు, అందులో నాకు రెండో ఆలోచన లేదు. నా తగువల్లా లెక్క కట్టే పద్ధతితో. ఒక ల్యాప్‌టాప్ పోతే దానికో సంఘటన నంబరు పడుతుంది, ఎవరో సంతకం చెయ్యాలి, ఎవరికో అక్షింతలు పడతాయి. అదే ఆరుగురు ఇంజనీర్లకి రోజుకి గంటన్నర చొప్పున తెర మసకబారి, తెగి, మళ్ళీ లాగిన్ అయ్యి పోతే దానికి ఏ నంబరూ పడదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా మేనేజర్ల ఎక్సెల్‌లో మొదటి దానికి ఒక గడి ఉంది, రెండో దానికి గడి లేదు. గడి లేని ఖర్చుని ఉద్యోగి బాధ్యత అంటారు. నా ప్రయోగంలో నేను చేసిందంతా ఆ రెండో దానికి ఒక గడి పెట్టించడమే. ఏడాదిన్నర పాటు ప్రతి నెలా ఎన్ని గంటలు తెగిందో ఆరుగురం రాసి ఇచ్చాం. అది చూశాకే క్లయింటు వాళ్ళు రెండుసార్లు గడువు పొడిగించారు.

2024లో కథ మారింది. క్లయింటు పాత వీడీఐని తీసేసి క్లౌడ్ పీసీలకి మారింది. విండోస్ 365 లాంటివి మీరు చూసే ఉంటారు, 2021లో వచ్చింది. వీడీఐకి కొత్త చొక్కా. డెస్క్‌టాప్ ఇంకా పెద్దదయింది, వేగం పెరిగింది, దూరం మాత్రం తగ్గలేదు. ఆ మారుడులో మా లోకల్ మూటలకి సపోర్ట్ ఇచ్చేవాళ్ళు లేరని ప్రయోగం ముగించారు. మైక్రోసాఫ్ట్ 2022లో బూట్, స్విచ్, ఆఫ్‌లైన్ అని మూడు సదుపాయాలు ప్రకటించింది. మొదటి రెండూ 2023లో చేతికొచ్చాయి. ఆఫ్‌లైన్ మా ప్రాజెక్ట్ దాకా రాలేదు. దానికి తోడు వారానికి మూడు రోజులు ఆఫీసు తప్పనిసరి అయింది. ఇప్పుడు సోమవారం తెల్లవారుజామున నెల్లూరులో రైలెక్కి చెన్నై పోతా, పీజీలో ఉంటా, బుధవారం రాత్రికి తిరిగొస్తా. మిగతా రెండు రోజులూ గట్టు మీద నుంచే, మళ్ళీ టవరు దయ. నేను లేని రాత్రుళ్ళు కాయడానికి నాయన వల్ల కాదు కాబట్టి రెండు గుంటలు లీజుకిచ్చేశాం. ఒకటి ఉంచుకున్నాం, అది కూడా అమ్మ గొడవపెడితేనే. ఆవిడ గొడవ గుంట ఉంచమని కాదు, తీసెయ్యమని. నాయనే వదల్లేదు.

అన్నట్టు, 2024 నవంబరు నుంచి వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో కంపెనీలకి కూడా ఉచితం (అంతకు ముందు ఏడాది బ్రాడ్‌కామ్ వీఎమ్‌వేర్‌ని కొనేసింది). హైపర్-వి అయితే విండోస్ ప్రోలో ఎప్పట్నుంచో ఉంది. కాబట్టి లైసెన్సు ఖర్చు అనే సాకు ఇప్పుడు చెల్లదు. మీలో ఎవరైనా ఇలాంటి ప్రతిపాదన పెట్టాలనుకుంటే నా అనుభవంలో పనికొచ్చింది ఒక్కటే: సెక్యూరిటీ వాళ్ళతో వాదనకి దిగే ముందు మీ టీమ్ పనుల్ని కూర్చుని వడబోయండి, అసలు డేటా తాకేవి ఏవి, తాకనివి ఏవి అని. మా టీమ్‌లో పదింట ఆరు పనులు తాకనివే తేలాయి. ఆ జాబితా చూపించకుండా "నెట్ బాలేదండీ" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు.

నేను మళ్ళీ రాసిచ్చా, ఈసారి రెండే పేజీలు. వారం గడువు కాదు, మూడు రోజులు చాలన్నా. మూట 60 జీబీ నుంచి 22కి తగ్గించి చూపించా, విండోస్ బదులు లినక్స్ పెట్టి. మేడమ్ ఇప్పుడు వేరే అకౌంట్‌కి మారిపోయారు గానీ ఫోన్ చేసి రెండు చోట్ల దిద్దించారు. క్లయింటు సెక్యూరిటీ వాళ్ళ రివ్యూ మే నెలలో ఉందిట. రెండో గుంట లీజు జూన్ ఆఖరికి అయిపోతుంది, పొడిగించాలా వద్దా అని ఆ లీజుదారు ఇప్పట్నుంచే నాయన్ని అడుగుతున్నాడు. "మా అబ్బయ్య ఆఫీసోళ్ళు ఏదో తేల్చాలంట, ఆగు" అని చెప్పి పంపాడట ఆయన.